ఆర్టికల్స్ రాసి జనాన్ని రప్పించడం అంటే కీవర్డ్స్ కూరడం కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇంట్లో కూర్చుని ఆర్టికల్స్ రాసి ఆన్‌లైన్‌లో జనాన్ని ఎలా రప్పించుకోవాలి, ఎస్ఈఓ, అంటే గూగుల్‌లో వెతికితే మన పేజీ పైకొచ్చేలా చూసుకోవడం, ఎలా చేసుకోవాలి అని అరపేజీ వేశారు కదా, అది చదివి మా ఊళ్లో డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న కుర్రాళ్లు కొందరు నా దగ్గరికొచ్చి అన్నా ఇదంతా నిజమేనా అని అడిగారు. నేను కొన్నేళ్లుగా వ్యవసాయం మీద తెలుగులో రాసి నెట్‌లో పెడుతున్నా కాబట్టి తెలిసింది వాళ్లకి నోటితో చెప్పాను, కానీ ఆ పేజీ చదివినవాళ్లు మా ఊళ్లోనే ఉండరు కదా, అందుకే మీకు రాస్తున్నా. కొంచెం పెద్ద ఉత్తరమే అయింది, వీలైతే తగ్గించకుండా వేయండి.

మీ వ్యాసంలో చెప్పిన పద్ధతి ఏంటంటే, జనం బాగా వెతికే మాట, కీవర్డ్ అంటారు, ఒకటి పట్టుకోవాలి, ఆ మాటని ప్రతి పేరాలో పెట్టాలి, రోజుకి ఎన్ని వీలైతే అన్ని ఆర్టికల్స్ వదలాలి, వాటిని పది సైట్లలో వేసి లింకులు తెచ్చుకోవాలి, అప్పుడు గూగుల్ పైకి తెస్తుంది, యాడ్స్ డబ్బులొస్తాయి అని. ఈ పద్ధతి ఒకప్పుడు నడిచింది, నేను కాదనను. 2011కి ముందు ఈజీన్‌ఆర్టికల్స్ లాంటి డైరెక్టరీలు, అంటే ఎవరైనా ఆర్టికల్స్ వేసుకునే సైట్లు, ఉండేవి, ఒకే ఆర్టికల్‌ని మాటలు అటూ ఇటూ మార్చి చాలా చోట్ల వేసేసి ప్రతి దాని కిందా తమ సైట్ లింకు పెట్టుకునేవాళ్లు. అమెరికాలో డిమాండ్ మీడియా అనే కంపెనీ అయితే జనం ఏం వెతుకుతున్నారో చూసుకుని దానికి తగ్గట్టు చవగ్గా కుప్పలు కుప్పలుగా రాయించి ఈహౌ అనే సైట్లో పెట్టేది, 2011 జనవరిలో ఆ కంపెనీ షేర్ మార్కెట్లోకి కూడా వెళ్లింది. సరిగ్గా తర్వాతి నెలలో, ఫిబ్రవరిలో, గూగుల్ నాసిరకం పేజీలని కిందికి దించే పాండా అనే మార్పు తెచ్చింది. కొద్ది నెలల్లోనే ఇలాంటి సైట్లన్నీ వరసగా కిందికి జారిపోయాయి. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే ఇంకో మార్పు వచ్చింది, అది దొంగ లింకుల పని పట్టింది. అంటే మీ వ్యాసంలో చెప్పిన చిట్కాలు పనిచేయడం మానేసి పదేళ్లు ఎప్పుడో దాటిపోయింది. కీవర్డ్స్ ట్యాగ్ అని ఒకటి పేజీ వెనకాల కోడ్‌లో పెట్టమని కూడా రాశారు, దాన్ని ర్యాంకింగ్‌లో అసలు లెక్కలోకి తీసుకోవట్లేదని గూగుల్ 2009లోనే బహిరంగంగా చెప్పేసింది. ఇప్పటికీ కోచింగ్ సెంటర్లలో ఫీజులు కట్టించుకుని ఇదే నేర్పిస్తున్నారు, మా వైపు కుర్రాడొకడు నోట్సు తెచ్చి చూపిస్తే నాకు చాలా బాధేసింది, వాళ్ల నాన్న కౌలు రైతు, ఆ ఫీజు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

మరి ఆర్టికల్స్ రాసి జనాన్ని రప్పించుకోవడం కుదరదా అంటే బ్రహ్మాండంగా కుదురుతుంది, తెలుగులో అయితే ఇంకా ఎక్కువ కుదురుతుంది, ఎందుకంటే మన భాషలో వెతికేవాళ్లు ఉన్నారు, జవాబులు లేవు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. ఇంగ్లీష్ వికీపీడియాలో వ్యాసాలు 70 లక్షల దాకా ఉంటే తెలుగు వికీపీడియాలో లక్ష పైచిలుకు, అది కూడా 2003 నుంచి కొద్దిమంది సొంత టైమ్ పెట్టి జీతం భత్యం లేకుండా రాస్తే వచ్చినవి, వాళ్లకి దండం పెట్టాలి. మిగతా తెలుగు నెట్‌లో ఏముంది? సినిమా వార్తలు, రాశి ఫలాలు, ఎవరో ఏదో అన్నారని ఇంకెవరో మండిపడ్డారని. ఒక రైతుకో ఒక ఇల్లాలికో ఒక పెన్షన్‌దారుకో నిజంగా కావాల్సింది వెతికితే సగం సార్లు ఇంగ్లీష్ పేజీ వస్తుంది, లేకపోతే ఒకే ముక్కని ఇరవై మంది కాపీ కొట్టిన తెలుగు పేజీలు వస్తాయి.

నాకు బాగా తెలిసిన పంట మిర్చి కాబట్టి దాంతోనే చెప్తా. 2021 చివర్లో మొదలై 2022 మొదటి నెలల దాకా మన రెండు రాష్ట్రాల్లోనూ గుంటూరు వైపు, ఖమ్మం, వరంగల్, మహబూబాబాద్ వైపు కొత్త రకం నల్ల తామర పురుగు మిర్చి తోటల మీద పడింది, మీ పేపర్లో కూడా రోజూ వార్తలొచ్చాయి. పూతలో చేరి రసం పీల్చేది, పూత రాలిపోయేది, ఎకరాలకి ఎకరాలు పీకేసినవాళ్లున్నారు. ఆ టైమ్‌లో రైతు చేతిలో ఫోన్ ఉంది, అతను ఏం వెతికాడు? త్రిప్స్ పార్విస్పైనస్ అని దాని శాస్త్రీయ నామం టైప్ చేయలేదు కదా, మిర్చి పూతలో నల్ల పురుగు అని కొట్టాడు, మిర్చి పూత రాలుతోంది ఏం కొట్టాలి అని మైకు నొక్కి అడిగాడు, చాలామంది ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు మాటలు టైప్ చేశారు. అప్పుడు పైన వచ్చిన పేజీలు చూసినవాడిని నేను, మందుల షాపు ప్రకటనలాంటివి కొన్ని, ఎప్పుడో పాత మామూలు తామర పురుగు గురించి రాసినవి కొన్ని. నీలం రంగు జిగురు అట్టలు పెట్టుకోమని, ఇష్టమొచ్చినట్టు మందులు కలిపి కొడితే పురుగు ఇంకా పెరుగుతుందని శాస్త్రవేత్తలు ఊరూరా తిరిగి మొత్తుకున్నారు, ఆ మాటలు మీ జిల్లా ఎడిషన్లో వచ్చాయి, మర్నాటికి ఆ పేపర్ బజ్జీల పొట్లం అయిపోయింది, నెట్‌లో మాత్రం వెతికితే దొరకలేదు.

మామూలు ఆకు ముడత సంగతే తీసుకోండి. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే అది తామర పురుగు పని, మా వైపు పై ముడత అంటారు, కిందికి తిరగబడినట్టు ముడుచుకుంటే అది నల్లి అనే ఇంకో పురుగు పని, దాన్ని కింది ముడత అంటారు. ఒకదానికి కొట్టే మందు ఇంకోదానికి పనిచేయదు, కొన్ని మందులైతే తామర పురుగు కోసమని కొడితే నల్లి ఎక్కువైపోతుంది. తెల్లదోమతో వచ్చే వైరస్ ముడత ఇంకోటి, దానికి మందే లేదు, దోమని ఆపుకోవాలి. ఇప్పుడు ఒకడు కూర్చుని మిర్చి ఆకు ముడత మిర్చి ఆకు ముడత అని ప్రతి పేరాలో కూరి రెండు వేల పదాలు రాశాడనుకోండి, మిర్చి చరిత్ర, మిర్చి పోషక విలువలు, పోర్చుగీసువాళ్లు మిరపని తెచ్చిన కథ, అన్నీ దాటుకుని కిందికెళ్తే చివర్లో మీ దగ్గర్లోని వ్యవసాయ అధికారిని సంప్రదించండి అని ఉంటుంది. ఇంకొకడు మూడు ఫోటోలు సొంతంగా తోటలో తీసి, ఇలా ఉంటే ఇది, ఇలా ఉంటే ఇది అని మొదటి పది లైన్లలోనే చెప్పేసి, మందు పేరు, మోతాదు, ఏ యూనివర్సిటీ సిఫార్సు, ఏ తేదీన చూసింది రాశాడనుకోండి. రైతు దేన్ని చదువుతాడు, దేన్ని పక్కింటాయనకి వాట్సాప్‌లో పంపిస్తాడు? రెండోదాన్నే. ఇంగ్లీష్‌లో ఎన్ని పేర్లు పెట్టుకున్నా ఎస్ఈఓలో సగం పని ఇదేనండీ, వెతికేవాడు ఏ మాటతో వెతుకుతాడో ఆ మాట తెలుసుకుని, అతను అడిగినదానికి ముందే జవాబు చెప్పడం.

మిగతా సగం గూగుల్ మన పేజీని చదవగలిగేలా పెట్టడం. గూగుల్ పని ఎలా ఉంటుందో మీ వ్యాసంలో అసలు చెప్పలేదు కాబట్టి రెండు ముక్కలు చెప్తా. గూగుల్‌బాట్ అని ఒక ప్రోగ్రాం లింకుల వెంబడి పేజీ నుంచి పేజీకి తిరుగుతూ ఉంటుంది, చదివినదాన్ని పెద్ద సూచికలో రాసిపెట్టుకుంటుంది, మనం ఏదైనా అడిగితే ఆ సూచికలోంచి తీసి వరస కట్టి చూపిస్తుంది. 1998లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ మొదలుపెట్టినప్పుడు వాళ్ల కొత్త ఆలోచన ఏంటంటే ఒక పేజీకి ఇంకో పేజీ లింకు ఇచ్చిందంటే అది దాన్ని సిఫార్సు చేసినట్టు, ఎక్కువ మంది సిఫార్సు చేసినది, అందులోనూ పేరున్నవాళ్లు సిఫార్సు చేసినది పైకి రావాలి అని. ఇప్పుడు లింకులతో పాటు ఇంకా చాలా చూస్తుంది, రాసినవాడికి ఆ పని అనుభవం ఉందా, ఆ సైట్‌ని నమ్మొచ్చా, ఇలాంటివి. 2022 డిసెంబర్లో తన గైడ్‌లైన్స్‌లో అనుభవం అనే మాటని కొత్తగా చేర్చింది కూడా. తోటలోకి దిగినవాడు రాసినదానికీ ఎక్కడో ఏసీ గదిలో నాలుగు సైట్లు చూసి రాసినదానికీ తేడా ఉండాలనే కదా దాని అర్థం.

ఇక్కడ తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఉన్న ఇబ్బందులు కొన్ని ఉన్నాయి, ఇంగ్లీష్ ఎస్ఈఓ పుస్తకాలు చూసి నేర్చుకున్నవాళ్లకి ఇవి తెలియవు. మొదటిది ఫాంట్లు. ఒకప్పుడు తెలుగు పేపర్ల సైట్లన్నీ ఎవరి ఫాంటు వాళ్లదే, స్క్రీన్ మీద తెలుగు కనపడేది కానీ లోపల ఉన్నవి ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు, సెర్చ్ ఇంజన్‌కి అదంతా చెత్తలా కనపడేది. యూనికోడ్ అని ఏ ఫోన్లోనైనా ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి ఉంది, అందులో తెలుగు 1991 నుంచే ఉంది, కానీ పత్రికలు మారడానికి ఏళ్లు పట్టింది. ఇంగ్లీష్ అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే లేఖిని లాంటి టూల్ వచ్చాక, ఫోన్లలో తెలుగు కీబోర్డ్ వచ్చాక మామూలు జనం యూనికోడ్‌లో రాయడం మొదలుపెట్టారు. అయినా ఇవాళ్టికీ డీటీపీ సెంటర్లలో, చాలా పేపర్ ఆఫీసుల్లో 'అను' అనే, యూనికోడ్ కాని పాత రకం ఫాంట్లలోనే కంపోజింగ్ జరుగుతోంది, దాన్ని కన్వర్టర్‌లో వేసి వెబ్‌సైట్లో పెట్టేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, ఎవరూ చూసుకోరు. క్షేత్రం అని వెతికినవాడికి ఒత్తు ఎగిరిపోయిన ఆ పేజీ ఎలా దొరుకుతుంది చెప్పండి. ఇక ఈ-పేపర్ సంగతి మరీ ఘోరం, పేజీ మొత్తం ఒక బొమ్మ, అందులో అక్షరమే లేదు, జిల్లా పేజీల్లో వచ్చిన మంచి వార్తలన్నీ ఆ బొమ్మల్లోనే ఉండిపోతున్నాయి. వాట్సాప్‌లో తిరిగే తెలుగు సమాచారం కూడా ఎక్కువ భాగం బొమ్మలే, ఎంత మంచి సంగతైనా రేపు వెతికితే దొరకదు.

రెండోది హెడ్డింగ్. తెలుగు పేపర్ హెడ్డింగ్ పెట్టడంలో మనవాళ్లని మించినవాళ్లు లేరు, నాకు చిన్నప్పటినుంచి ఆ హెడ్డింగులంటే ప్రాణం. మిర్చికి ముడత వచ్చిందని వార్త రాసి ముడుచుకున్న ఆశలు అని పెడతారు, చదివేవాడికి గుండె కలుక్కుమంటుంది. పేపర్లో అది చాలా బాగుంటుంది, పక్కనే ఫోటో ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది. కానీ అదే హెడ్డింగ్‌ని యథాతథంగా వెబ్‌సైట్లో పెడితే ముడుచుకున్న ఆశలు అని ఏ రైతూ వెతకడు. వెబ్ పేజీకి వేరే టైటిల్ పెట్టుకోవచ్చు, మిర్చిలో పై ముడత, కింది ముడత గుర్తించడం ఎలా, ఏ మందు కొట్టాలి అని పెట్టండి, పేపర్ హెడ్డింగ్ పేపర్లో ఉండనివ్వండి, రెండిటికీ చోటుంది. దీనికి పైసా ఖర్చు లేదు, డెస్కులో ఒక సబ్ ఎడిటర్‌కి రెండు నిమిషాల పని.

మూడోది ఒకే సంగతికి మనకి రెండు మూడు పేర్లుండటం. పొలం రికార్డుని ఆంధ్రలో అడంగల్ అంటే తెలంగాణలో పహాణీ అంటారు. గుంటూరాయన మిరప అని కొడతాడు, ఇంకొకాయన మిర్చి అని కొడతాడు. ఇన్ని రకాలుగా వెతుకుతుంటే రాసేవాడు ఒక్క మాట పట్టుకుని కూర్చుంటే మిగతావాళ్లకి దొరకడు, అలాగని అన్ని పేర్లూ వరసగా గుదిగుచ్చి పెడితే చదవడానికి అసహ్యంగా ఉంటుంది, మాట్లాడేటప్పుడు ఎలా వస్తాయో అలా సహజంగా రెండు మాటలూ వ్యాసంలో వచ్చేలా రాసుకుంటే చాలు. ఏ మాటతో వస్తున్నారో ఊహించాల్సిన పని కూడా లేదు, సెర్చ్ కన్సోల్ అని గూగుల్ వాళ్లదే ఉచిత టూల్ ఉంది, మన సైట్‌ని జనం ఏం టైప్ చేసి చూశారు, ఎంతమందికి కనపడింది, ఎంతమంది నొక్కారు, ఎన్నో నంబర్లో వచ్చింది, గత 16 నెలల లెక్క మొత్తం అందులో ఉంటుంది. నేను రాసే సంగతులు చాలావరకు అందులో జనం అడిగిన ప్రశ్నల్లోంచే తీసుకుంటా, గూగుల్‌లో కింద ఇవి కూడా అడుగుతారు అని వస్తాయే అవి కూడా చూస్తా. మీ వ్యాసంలో వేలకు వేలు పోసి ఇంగ్లీష్ టూల్స్ కొనుక్కోమన్నారు, తెలుగు మాటలకి ఆ టూల్స్‌లో చాలాసార్లు సున్నా అని చూపిస్తుంది, సున్నా అని వదిలేసిన మాటతోనే జనం వస్తుంటారు, కాబట్టి కుర్రాళ్లు ఆ ఖర్చు పెట్టుకోవద్దు.

లింకు అడ్రస్ గురించి కూడా చిన్న మాట. తెలుగు అక్షరాలతో అడ్రస్ పెడితే గూగుల్‌కి ఇబ్బందేం లేదు కానీ వాట్సాప్‌లో పంపేటప్పుడు ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతం గుర్తుకీ తొమ్మిదేసి గుర్తులై బారెడు పొడుగు శాతం గుర్తుల దండ అవుతుంది, చూసినవాళ్లు ఇదేదో వైరస్ లింకు అని నొక్కరు. పొట్టిగా ఇంగ్లీష్ అక్షరాల్లో పెట్టుకోవడం మేలు.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయానికి వస్తా. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు, 2,000 చొప్పున మూడు విడతల్లో పడతాయి, 2019 నుంచి నడుస్తోంది, రైతులందరికీ తెలిసిందే. విడత డబ్బులు పడే టైమ్ వచ్చిందంటే చాలు, డబ్బులు పడ్డాయ్ వెంటనే చెక్ చేసుకోండి, రైతులకు భారీ శుభవార్త, ఇలాంటి టైటిల్స్‌తో వందల పేజీలు పుట్టుకొస్తాయి. లోపలికెళ్తే తేదీ ఇంకా ప్రకటించలేదని ఉంటుంది. ఎకరం అర ఎకరం ఉన్న ముసలాయన మనవడి చేత ఫోన్ చూపించుకుని బ్యాంకుకి ఆటో కట్టించుకుని వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తున్నాడండీ, ఇది నేను మా మండలంలో కళ్లారా చూస్తున్నా. చిన్నచిన్న సైట్లే కాదు, పేరున్న పేపర్ల సైట్లు కూడా ఇదే పని చేస్తున్నాయి. ఇలాంటివి ఎక్కువగా ఫోన్‌లో పక్కకి జరిపితే వచ్చే గూగుల్ డిస్కవర్‌లో పరిగెడతాయి, ఒక్క రోజులో లక్షమంది వస్తారు, మర్నాడు ఒక్కడూ ఉండడు, అలా వచ్చినవాడికి సైట్ పేరు కూడా గుర్తుండదు, ఇంకోసారి మోసపోయానన్న కోపం తప్ప. వెతుక్కుంటూ వచ్చినవాడు వేరు, అతనికి పని జరిగితే మళ్లీ వస్తాడు, పేరు గుర్తుపెట్టుకుని వస్తాడు.

ఆరోగ్యం విషయంలో అయితే ఇది ప్రాణాల మీదకొచ్చే సంగతి. ఈ ఆకు నమిలితే షుగర్ మాయం, ఈ గింజలు తింటే గుండె జబ్బు రాదు అని తెలుగులో వచ్చినన్ని ఆర్టికల్స్ ఇంకెందులోనూ రావేమో. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 2024 మేలో వాళ్లు దేశం మొత్తానికి ఆహార మార్గదర్శకాలు కొత్తగా విడుదల చేశారు, మన పక్కనే ఉన్న సంస్థ చెప్పినదాన్ని తేలిక తెలుగులో రాసి పెట్టినవాళ్లు ఎంతమంది? షుగర్ ఉన్నవాళ్లు అన్నం ఎంత తినాలి అని లక్షలమంది ఇళ్లల్లో అడుగుతున్న ప్రశ్న, దానికి ఒక మంచి తెలుగు వ్యాసం, డాక్టర్ చూసి సరే అన్నది, పేరు పెట్టి రాసింది ఉంటే అది ఏళ్ల తరబడి జనాన్ని తెస్తుంది. డబ్బు, ఆరోగ్యం లాంటి వాటిలో గూగుల్ కూడా మామూలు కంటే గట్టిగా చూస్తుంది, ఎవరు రాశారో తెలియని పేజీ అక్కడ నిలబడటం కష్టం.

తేదీల గొడవ ఒకటుంది. తెలంగాణలో 2020 అక్టోబర్లో భూమి రికార్డుల కోసం ధరణి అనే పోర్టల్ వచ్చింది, 2025 ఏప్రిల్లో దాని స్థానంలో భూభారతి తెచ్చారు. ధరణిలో ఇలా చేయండి అలా చేయండి అని రాసిన పాత పేజీలు ఇంకా అలాగే ఉన్నాయి, కొందరు తెలివిగా లోపల ఏమీ మార్చకుండా పైన తేదీ మాత్రం ఇవాళ్టిది వేస్తున్నారు. పాతది పాతదని చెప్పి కొత్త పేజీకి దారి చూపించినా బాగుండేది, లేదా కూర్చుని నిజంగా మార్చి రాయాలి. కొత్తగా పది రాసే బదులు ఉన్న ఒక మంచి పేజీని సరిచేసుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుందని నా అనుభవం, మీ వ్యాసంలో రోజూ కొత్తది కొత్తది అన్నారు కానీ ఈ మాట ఎక్కడా లేదు.

ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, ఇంకేం రాస్తాం, అదే రాసేస్తుంది అని కుర్రాళ్లు అంటున్నారు. ఏఐతో రాశారా చేత్తో రాశారా అనేది తనకి ముఖ్యం కాదని గూగుల్ 2023లో చెప్పింది, కానీ ర్యాంకు కోసం కుప్పలుగా ఉత్పత్తి చేసి పారేస్తే అది స్పామ్ అని 2024 మార్చిలో రూల్ పెట్టి చాలా సైట్లని మొత్తంగా తీసేసింది. పైగా 2024 ఆగస్టు నుంచి మన దేశంలో కూడా సెర్చ్‌లో పైనే ఏఐ ఇచ్చిన సారాంశం కనపడుతోంది, అక్కడే చదివేసి చాలామంది సైట్ల దాకా రావట్లేదు, మామూలు సమాచారం రాసేవాళ్లందరికీ ఇది దెబ్బే, దాచుకోవడానికేం లేదు. కానీ నిన్న ఖమ్మం మార్కెట్లో తేజ రకం మిర్చి ఎంత పలికింది, మా మండలంలో ఏ తోటకి ఏ పురుగు పడింది, గుంటూరు దగ్గర లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్త ఈ వారం వచ్చి ఏం చెప్పారు, ఇవి ఏ ఏఐకైనా ఎవరో ఒకరు కాలినడకన వెళ్లి చూసి రాస్తేనే కదా తెలిసేది. తెలుగులో అలా వెళ్లి చూసి రాసే మనుషులు మండలానికొకరు చొప్పున ఉన్నది ఎవరి దగ్గరండీ? మీ దగ్గరే. మీ విలేకర్లు.

డబ్బుల గురించి కూడా ఉన్నమాట చెప్పాలి, ఎందుకంటే మీ వ్యాసంలో నెలకి యాభై వేలు అని రాశారు. మన సైట్లో ప్రకటనలు వేసి డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్‌లో తెలుగు 2018 నుంచి ఉంది, ప్రకటనకి వచ్చిన సొమ్ములో సుమారు 68 శాతం సైట్ వాళ్లకి ఇస్తారు, వంద డాలర్లు నిండితేనే బ్యాంకులో వేస్తారు. తెలుగు పేజీ మీద ప్రకటన రేటు ఇంగ్లీష్ పేజీతో పోలిస్తే చాలా తక్కువ. మొదటి ఏడాది ఒక్క రూపాయి కూడా రాదనుకునే దిగాలి, పక్కన ఇంకో సంపాదన ఉండాలి. రాసే పని మంచిదే, దాంతో వచ్చే పేరుతో ఇంకో పని దొరకొచ్చు, సొంత సరుకు అమ్ముకునేవాడికైతే చాలా ఉపయోగం, ఊరగాయలు పెట్టే ఆవిడ, నర్సరీ పెట్టుకున్నాయన, కుట్టుపని నేర్పే అమ్మాయి తమ పని గురించి నాలుగు నిజమైన వ్యాసాలు రాసుకుంటే వాళ్లని వెతుక్కుంటూ జనం వస్తారు. ఉద్యోగం మానేసి ఇందులో దిగండి అన్నట్టు మాత్రం రాయొద్దు, దయచేసి.

ఇక నా విన్నపాలు. మీ వెబ్‌సైట్లో వ్యవసాయం పేజీ ఫోన్‌లో తెరిస్తే ముందు ఒక ప్రకటన స్క్రీన్ మొత్తం కప్పేస్తుంది, అది మూసేలోపు అక్షరాలు కిందికి దూకుతాయి, చదువుదామని వేలు పెడితే ఇంకో ప్రకటన తెరుచుకుంటుంది. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలో కనపడాలి, అక్షరాలు అటూ ఇటూ గెంతకూడదు అని గూగుల్ చెప్పే కొలతలు మీ టెక్నికల్ వాళ్లకి తెలియనివి కావు, పల్లెల్లో సిగ్నల్ సరిగా రాని చోట, తక్కువ ధర ఫోన్‌లో వాళ్లే ఒకసారి తెరిచి చూడమనండి. అదే సైట్లో ఒక మూల లోన్ యాప్‌ల గురించి, బెట్టింగ్ లాంటి ఆటల గురించి ఆర్టికల్స్ కనపడుతున్నాయి, అవి మీ వాళ్లు రాసినవిలా లేవు, ఎవరో డబ్బులిచ్చి మీ పేరు వాడుకుంటున్నట్టుంది. పేరున్న సైట్‌ని ఇలా అద్దెకిస్తే గూగుల్ 2024 మే నుంచి శిక్ష వేస్తోంది, అది అటుంచండి, మీ పేపర్లో వచ్చిందని నమ్మి లోన్ యాప్‌లో చిక్కుకున్నవాడు ఎవరిని అడగాలి. డబ్బు తీసుకుని వేసినదైతే ప్రకటన అని పైన పెద్దక్షరాల్లో వేయండి, ఆ లింకుకి స్పాన్సర్డ్ అనే గుర్తు పెట్టండి.

జిల్లా పేజీల్లో వచ్చే వ్యవసాయం, ఆరోగ్యం, రెవెన్యూ సేవల వ్యాసాలని బొమ్మలుగా కాకుండా అక్షరాలుగా పెట్టండి, ఒక్కోదానికి తేదీ, రాసిన విలేకరి పేరు ఉండాలి. జిల్లా విలేకరి ఎండలో తిరిగి రాసిన దాన్ని అరగంటలో ఎవరో ఎత్తుకుపోయి మాటలు మార్చి వేసుకుంటున్నారు, సెర్చ్‌లో వాళ్లే ముందొస్తున్నారు, ఎందుకంటే వాళ్ల పేజీ చదవడానికి వీలుగా ఉంది, మీది లేదు. ఆ విలేకరికి ఇది ఎంత అన్యాయం. లాం ఫారం వాళ్లు, జయశంకర్ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్లు చెప్పే సిఫార్సులు పంటల వారీగా ఒకచోట పెట్టి ప్రతి సీజన్‌కి సరిచూసి పెడితే తెలుగు నేల మీద అంతకంటే ఎక్కువమంది వచ్చే పేజీ ఇంకోటి ఉండదు. రోజుకి ఒక్క వ్యాసం అలా సరిచేసినా ఏడాదికి మూడొందల పైచిలుకు అవుతాయి. మీ ఆదివారం పేజీలో కూడా మళ్లీ ఒకసారి ఈ సంగతి రాయించండి, ఈసారి ఏళ్ల తరబడి తెలుగులో రాస్తున్నవాళ్లని పిలిచి రాయించండి, మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు, కావాలంటే నేను కూడా వచ్చి మీ డెస్కు వాళ్లకి తెలిసింది చెప్తాను, డబ్బులేం వద్దు.

మిర్చి నార్లు జులైలో పోస్తారు, ఆగస్టు సెప్టెంబర్ నాటికి నాట్లు పడతాయి, ముడత గురించి వెతకడం ఆ తర్వాత మొదలవుతుంది. ముందు ఆ ఒక్క పంట పేజీలైనా ఈలోపు సిద్ధం చేస్తే ఈ ఏడాదే పనికొస్తాయి.

ఇట్లు,
మీ పేపర్ చిన్నప్పటినుంచి చదువుతున్న ఒక మిర్చి రైతు,
సత్తెనపల్లి దగ్గర, పల్నాడు జిల్లా